మోత ఒక్కటే చాలదు!

ఇంగ్లిష్‌లో ‘స్లామ్-బ్యాంగ్’ అని ఓ సరదా మాట ఉంది. తలుపు ధడేలుమని వేస్తే స్లామ్. ఢామ్మని పేలితే బ్యాంగ్. రెండూ కలిస్తే పెద్ద చప్పుడుతో, గట్టి ఊపుతో జరిగిన పని. మన ‘ధనాధన్’కి దగ్గరి చుట్టం అనుకోండి.

అయితే ఈ మాట ఒక్కోచోట ఒక్కో రంగు చూపిస్తుంది. ‘స్లామ్-బ్యాంగ్ ఫినిష్’ అంటే మెచ్చుకోలు, మ్యాచ్ హోరాహోరీగా ముగిసిందని. ‘స్లామ్-బ్యాంగ్ యాక్షన్ మూవీ’ అంటే ఊపిరి తీసుకోనివ్వని ఫైట్ల సినిమా. బండి ‘స్లామ్-బ్యాంగ్ ఇంటు ఎ వాల్’ అంటే నేరుగా వెళ్లి గోడను గుద్దేసిందని. అదే ఒకరి పనితీరు గురించి అంటే, ముందూ వెనకా చూడని దూకుడు అనే ఎత్తిపొడుపూ కావచ్చు. పక్కనున్న పదం చూశాకే అర్థం తేల్చుకోవాలి.

ఎక్కడ వాడాలి? క్రికెట్, సినిమా కబుర్లలో నిక్షేపంగా వాడండి. రెజ్యూమెలో, హెచ్‌ఆర్ రౌండ్‌లో మాత్రం వద్దు. ‘ఐ డిడ్ ఎ స్లామ్-బ్యాంగ్ ప్రాజెక్ట్’ అంటే ‘ప్రాజెక్టు ధనాధన్ లాగించేశానండీ’ అన్నట్టే! ఏం చేశారో, ఎన్నాళ్లలో చేశారో, ఏం ఫలితం వచ్చిందో చెబితే చాలు.

ఇక గ్రూప్ డిస్కషన్. బాపట్ల, రేపల్లెల నుంచి తెనాలి మీదుగా విజయవాడకు ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లకు అసలు గుబులు ఇక్కడే. ‘సిటీవాళ్లు ఇంగ్లిష్ దంచేస్తారు, మనమేం మాట్లాడతాం’ అని కొందరు నోరే విప్పరు. ఇంకొందరు అవతలివాళ్ల మాట పూర్తికాకుండానే గొంతు పెంచుతారు. రెండూ నష్టమే.

విపత్తు నిర్వహణ మీద చర్చ వచ్చిందనుకోండి. 1977 నవంబరు ఉప్పెనలో అతలాకుతలమైన దివిసీమ, రేపల్లె వాళ్లకు కృష్ణ అవతలి ఒడ్డే. ఆ సంగతులు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి. ముందస్తు హెచ్చరిక ఎందుకు ముఖ్యమో ఆ ఉదాహరణతో నాలుగు చిన్న వాక్యాల్లో చెప్పండి. వ్యాకరణం కాస్త తడబడినా ఫర్వాలేదు. అరిచేవాళ్ల మధ్య కూడా ఆ మాట వినబడుతుంది.

‘నిండు కుండ తొణకదు’ అని సర్దిచెప్పుకుని కూర్చోకండి. మూత తీయకపోతే కుండలో ఏముందో ఇంటర్వ్యూ చేసేవాళ్లకు తెలిసేదెలా?