దూది ఏకిన చేతులు, మిల్లులోని సెన్సార్లు

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి రావడం మొదలైందంటే జిన్నింగ్ మిల్లులకు నిద్ర ఉండదు. గింజ నుంచి దూదిని వేరుచేసి, 170 కిలోల బేళ్లుగా బిగించే ఆ మిల్లుల్లో అర్ధరాత్రి యంత్రం నిలిచిపోతే కబురు వెళ్లేది మేస్త్రీకి. ఆ మేస్త్రీలలోనూ, ఉస్తాద్ వెంట పనిముట్ల సంచి మోసే పిల్లలలోనూ మనవాళ్లున్నారు.

ఇది నిన్న మొన్నటి బంధం కాదు. దూదేకుల అన్న పేరే పత్తితో మనకున్న అనుబంధాన్ని చెబుతుంది. వింటినారి మోగిస్తూ దూది ఏకిన తాతల పనిని యంత్రం తీసుకుంది. మనుమలు స్పానరు పట్టుకొని ఆ యంత్రం పక్కనే నిలబడ్డారు. ఇప్పుడు ఆ యంత్రమూ మారుతున్నది.

మెకట్రానిక్స్ అనే మాట 1969లో జపాన్‌లోని యస్కావా సంస్థలో పుట్టింది. యంత్రభాగాలు, విద్యుత్తు, ఎలక్ట్రానిక్స్, కంప్యూటరు ఆదేశాలు కలిసి పనిచేసే చోట ఈ నాలుగూ తెలిసిన పనివాడు కావాలి. బేలు ప్రెస్ కదలలేదనుకుందాం. నూనె పీడనం తగ్గిందా? వాల్వు కాయిల్ కాలిందా? తలుపు మూసుకున్నదని చెప్పవలసిన సెన్సారుపై దూది పేరుకున్నదా? మొదటి రెండింటినీ మన పిల్లలు చెవితో, ముక్కుతో పసిగడతారు. మూడోది వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, వాళ్ల చదువు తెలుగులోనో ఉర్దూలోనో పదవ తరగతి దగ్గరే ఆగి ఉంటుంది. యజమాని తొందరపెడతాడు. సెన్సారును తప్పించి వైరు కలిపేస్తారు. ప్రెస్ కదులుతుంది, కానీ ఇక తలుపు తెరిచి ఉన్నా అది ఆగదు. లోపల చెయ్యి పెట్టినవాడిని కాపాడేది ఏదీ లేదు. దీన్ని మేస్త్రీ తెలివి అని మెచ్చుకోవడం మనం మానుకోవాలి.

2007లో వచ్చిన నాలుగు శాతం బీసీ-ఇ రిజర్వేషన్‌ను, దూదేకులకున్న బీసీ-బి హోదాను కాపాడుకోవడానికి మనం పోరాడాం, పోరాడుతున్నాం. అయితే అవి విద్యాసంస్థలకు, ప్రభుత్వోద్యోగాలకు వర్తించేవి, ప్రైవేటు మిల్లు గేటు దాటవు. గేటు లోపల పనికొచ్చే చట్టం వేరే ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ముప్పై మంది, అంతకు మించి పనివారున్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోక తప్పదు, వారికి నెలనెలా భృతి ఇవ్వక తప్పదు. ఈ మాట ఎంతమంది తల్లిదండ్రుల చెవిన పడింది? మన సభలలో ఎన్నిసార్లు వినిపించింది?

ఐటీఐలలో మెకట్రానిక్స్ టెక్నీషియన్ కోర్సు రెండేళ్లది. ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలు ఇల్లు వదలకుండా అది చదవగలగాలని ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. పదేళ్లుగా మిల్లులో పనిచేస్తున్నవారికి, ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే ఏర్పాటు పట్టణంలోనే జరగాలి. సీజనులో ఒక్క రాత్రి కూలి వదులుకోవడం వాళ్లకు తేలిక కాదు, కాబట్టి ఆ పరీక్ష పత్తి రాని వేసవి నెలల్లో పెట్టాలి.

ఎమ్మిగనూరులో మగ్గం బతుకు కష్టమైన కాలంలో, 1938లో, మాచాని సోమప్ప నేతవారిని సహకార సంఘంగా కూర్చారు. మేస్త్రీలకు అటువంటి సంఘం ఎందుకు ఉండకూడదు? ఒక గది, ఒక పాత ప్యానెల్ బోర్డు, నాలుగు సెన్సార్లు, సాయంత్రం రెండు గంటలు నేర్పే ఒక ఉస్తాద్ ఉంటే మొదలుపెట్టవచ్చు. షాదీఖానాలకు చందాలిచ్చే మన పెద్దలు ఈ గది అద్దె ఎవరు కడతారో వచ్చే సీజనులోపు తేల్చాలి.