డైట్ బిస్కెట్టు వద్దు, గుగ్గిళ్ళు పెట్టండి

బరువు తగ్గాలంటే డైజెస్టివ్ బిస్కెట్లు తెచ్చిపెట్టుకో అని మా ఇంట్లోనే నాకు సలహా. నేను టెస్టర్‌ని, పొట్లం ముందువైపు రాతను నమ్మను. వెనక్కి తిప్పితే పదార్థాలు బరువు ప్రకారం, ఎక్కువున్నది ముందు రాసుంటారు. చదవండి: చాలావాటిలో మొదట మైదానో గోధుమపిండో, ఆ వెంటనే పామాయిలు, చక్కెర. ఇదా ఆరోగ్యం?

బళ్ళారిలో మా అవ్వ గూట్లో ఏముండేవి? బొరుగులు, పప్పులు, వేయించిన శెనక్కాయలు. రాత్రి ఉలవలో అలసందలో నానేసి, పొద్దున ఉడికించి, ఆవాలు, ఎండుమిరపకాయ తిరగవాత పెడితే గుగ్గిళ్ళు. కన్నడంలో ఉసలి. స్కూలు డబ్బాలో అవి చూస్తే నాకు సిగ్గుగా ఉండేది. ఆ సిగ్గే మనల్ని బిస్కెట్ల పాలు చేసింది.

అట్లని శెనక్కాయల డబ్బా ముందర పెట్టుకొని కూర్చోవద్దు, 100 గ్రాముల్లో 550కి పైగా క్యాలరీలు. పిడికెడు గిన్నెలో పోసుకొని డబ్బా మూసేయాలి. ఒట్టి బొరుగులు తింటే గంటకే ఆకలి. పప్పులు, ఎర్రగడ్డ, నిమ్మరసం కలపాలి. ఉగ్గాని మీద నాకు కోపం లేదు, పక్కనుండే బజ్జీ మీదే.

పిల్లలకు అవ్వ మాట రాలేదని బాధపడే మనం అవ్వ డబ్బాలు ఎందుకు తీసేశాం? ఈ ఆదివారం మా ఇంట్లో బిస్కెట్లు బయటికి. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.