దారి ఉంది... బోర్డే లేదు!

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో ఊరికి కొత్తవాడొకడు బస్సు దిగాడనుకోండి. ఒక దారి ప్రొద్దుటూరికి, ఒకటి బద్వేలుకు, ఒకటి కడపకు, ఇంకొకటి ఆళ్లగడ్డ మీదుగా నంద్యాలకు. నాలుగూ మంచి రోడ్లే. కానీ ఏది ఎటు పోతుందో చెప్పే బోర్డు లేకపోతే? 'అన్నా, ప్రొద్దుటూరికి ఎట్ల పోవాల?' అని పక్కవాళ్లను అడుగుతాడు. అడగడానికి మనిషి కూడా లేకపోతే అక్కడే నిలబడిపోతాడు.

ఉచితంగా దొరికే గణిత సాఫ్ట్‌వేర్ల ముందు మన ఇంజినీరింగ్ పిల్లల పరిస్థితి చాలాసార్లు ఇదే.

ఆక్టేవ్, సైలాబ్, మాక్సిమా, సేజ్... పెద్దపెద్ద సమీకరణాలు సాధించి, గ్రాఫులు గీసిపెట్టే సాఫ్ట్‌వేర్లివి. పైసా కట్టక్కర్లేదు. లోపలి కోడ్ కూడా చూడొచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచొచ్చు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలోనో చదివే పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? మరి చిక్కెక్కడ?

ఒక చిన్న ఉదాహరణ. సైన్ 90 ఎంత? పదో తరగతి పిల్లలైనా ఒకటి అంటారు. ఆక్టేవ్‌లో కొట్టి చూడండి, 0.8940 అని వస్తుంది! సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. అది కోణాన్ని డిగ్రీల్లో కాక రేడియన్లలో తీసుకుంటుంది. డిగ్రీల్లో కావాలంటే సైన్ పేరు చివర 'డి' అక్షరం చేర్చిన వేరే కమాండ్ ఉంది. ఆ వివరం మాన్యువల్‌లో ఉంది. కానీ వెతకాలంటే ముందు దాని పేరు తెలియాలి. పేరే తెలిస్తే ఇక వెతకడం ఎందుకు?

ఆక్టేవ్ అసలు భాగానికైతే మందపాటి మాన్యువలే ఉంది. అసలు కష్టం ప్యాకేజీలతో. ఒక్కో పని కోసం ఒక్కొక్కరు విడిగా రాసి ఇచ్చినవి ఇవి. కొన్నిటికి వివరణ నాలుగు ముక్కల్లోనే ముగుస్తుంది. 'హెల్ప్' అని అడిగి నిరాశపడేవాళ్లకు రెండు రకాల జవాబులు వస్తాయి. 'నాట్ ఫౌండ్' అంటే అలాంటిదేమీ లేదని. 'నాట్ డాక్యుమెంటెడ్' అంటే అది ఉంది, కానీ దాని గురించి ఎవరూ రాయలేదని. మొదటి జవాబుతో సరిపెట్టుకోవచ్చు. మనసు చివుక్కుమనేది రెండోదానితోనే.

ఎందుకు రాయరు? వీటిని తయారుచేసేవాళ్లలో చాలామంది తీరిక వేళల్లో, జీతం లేకుండా పనిచేస్తారు. కొత్త ప్రోగ్రాం రాస్తే నలుగురూ మెచ్చుకుంటారు, వివరణ రాస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు. అంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది. అన్నీ తెలిసినవాడికి తెలియనివాడి తికమక గుర్తుండదు. ఈత వచ్చినవాడికి ఒకప్పటి నీళ్ల భయం గుర్తుండనట్టే!

అలాగని విద్యార్థులంటే వాళ్లకు పట్టదనుకోకండి. కెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థుల పాఠ్యపుస్తకానికి తోడుగా ఉండాలన్న ఆలోచనతోనే ఆక్టేవ్ పుట్టింది. 1992లో దాన్ని రాయడం మొదలుపెట్టిన జాన్ ఈటన్, తన గురువు ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ పేరే దానికి పెట్టాడు. మాక్సిమాను అమెరికా ప్రొఫెసర్ విలియం షెల్టర్ 1982 నుంచి 2001లో కన్నుమూసేదాకా కంటికి రెప్పలా చూసుకున్నాడు. దాన్ని అందరికీ విడుదల చేయడానికి 1998లో ఆయన అనుమతి తెచ్చాడు కాబట్టే, తర్వాత ఇతరులు ఆ పని అందుకోగలిగారు. కోడ్ అలా మిగులుతుంది. కానీ కాగితం మీద పెట్టని వివరం మాత్రం మనిషితోనే పోతుంది.

ఈ సంగతి కడప జిల్లావాళ్లకు వేరే చెప్పాలా? 1820లో సి.పి.బ్రౌన్ కడపకు వచ్చేనాటికి తెలుగులో కావ్యాలకు కొదవ లేదు. కొత్తగా నేర్చుకునేవాడికి చేయూతే తక్కువ. పండితుల సాయంతో ఆయన 1840లో వ్యాకరణం, 1852లో నిఘంటువు అచ్చువేయించాడు. చదివి నేర్చుకోవడానికి ఒక వాచకమూ తెచ్చాడు. మూడూ మూడు రకాల పనులు. నిఘంటువు తెలియని మాటకు అర్థం చెబుతుంది. వ్యాకరణం మాటల్ని ఎలా కలపాలో చెబుతుంది. వాచకం చేయి పట్టుకుని నడిపిస్తుంది. మన సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఉన్నది నిఘంటువే. లేనిది వాచకం.

ఇంకో మాట. ఆ పుస్తకాలు తెచ్చిన బ్రౌన్ తెలుగింట పుట్టినవాడు కాదు, కష్టపడి తెలుగు నేర్చుకున్నవాడు. ఎక్కడ కాలు జారుతుందో నేర్చుకున్నవాడికే తెలుస్తుంది.

ముంబయి ఐఐటీలో ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య బృందం పట్టుకున్నది ఈ సూత్రాన్నే. సాఫ్ట్‌వేర్లు నేర్పడానికి దాదాపు పది నిమిషాల పాఠాలు తయారుచేసి, తెలుగు సహా భారతీయ భాషల్లోకి డబ్బింగ్ చేయించే పని పెట్టుకున్నారు. పాఠ్యపుస్తకాల్లో సాధించి చూపిన లెక్కలను విద్యార్థుల చేతే సైలాబ్‌లో చేయించి అందరికీ అందుబాటులో ఉంచారు. ఎక్కడో దూరాన ఉన్న నిపుణుడు రాయాలని ఎదురుచూడలేదు.

మన దగ్గరా ఆ పని జరగొచ్చు. ఏటా వేల ల్యాబ్ రికార్డులు రాయిస్తున్నాం. సీనియర్‌ది చూసి జూనియర్ ఎక్కించడం, ఏడాది చివర పాత కాగితాలకు వేయడం... ఎవరికి లాభం? వాటిలో ఒక్క ప్రయోగానికి బదులు, ఒక్క కమాండ్ గురించి ఒక్క పేజీ రాయమని లెక్చరర్లు అడగొచ్చు. ఏం చేయబోయాను, ఏం కొట్టాను, ఏం వచ్చింది, ఎక్కడ తప్పింది, చివరికి ఎలా కుదిరింది... ఈ ఐదు ముక్కలు చాలు. తెలుగులో రాస్తే తర్వాతి ఏడాది వచ్చే పిల్లలకు పనికొస్తుంది. ఇంగ్లిషులోనూ రాసి ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకు పంపితే, ప్రపంచంలో ఎక్కడో ఇదే చోట ఆగిపోయిన ఇంకో విద్యార్థికీ అందుతుంది.

అమ్మానాన్నలూ! సెలవులకు ఇంటికొచ్చిన పిల్లల్ని మార్కులెన్ని అని అడగడం మామూలే. ఈసారి 'నువ్వు నేర్చుకున్నది ఎవరికోసమైనా రాసిపెట్టావా?' అని కూడా అడిగి చూడండి. రాయాల్సింది నేర్చుకున్న ఆ వారంలోనే. ఆలస్యమైతే మన పిల్లలూ నీళ్ల భయం మరిచిపోతారు మరి!