ముఖం ఆమెది, చిత్రం ఎవరిది?

ఛాయాచిత్రానికి ఇద్దరు కావాలి. ఒకరు కెమెరా వెనుక నిలిచేవారు, మరొకరు కెమెరా ముందు నిలిచేవారు. ఇందులో ఏ ఒక్కరు లేకపోయినా చిత్రం లేదు. అయితే చిత్రం పూర్తి అయిన తరువాత అది ఎవరి సొత్తు, దానిమీద చేయి వేసే అధికారం ఎవరిది అన్న ప్రశ్న తలెత్తేసరికి ఆ ఇద్దరి మధ్య స్నేహం చెడుతున్నది. తాము రెండు రోజులు శ్రమించి సిద్ధం చేసిన చిత్రాన్ని మోడల్ రెండు నిమిషాలలో తన ఫోన్‌లో మార్చివేసి లోకానికి చూపుతున్నదని నేడు ఛాయాగ్రాహకులు వాపోతున్నారు.

ఆ మార్పులు ఎటువంటివో చూసినవారికి ఈ బాధ అర్థమవుతుంది. చర్మం మీది సహజమైన గీతలు, మచ్చలు మాయమై ముఖం మైనపు బొమ్మలా నున్నబడుతుంది. నడుము సన్నబడుతుంది, దానితోపాటు వెనుకనున్న తలుపు చట్రమూ వంకర తిరుగుతుంది. సాయంకాలపు నీరెండ కోసం గంటసేపు వేచి తీసిన చిత్రానికి ఏదో ఒక ఫిల్టర్ తగిలి, పగలూ కాని రాత్రీ కాని నారింజ రంగు పులుముకుంటుంది. అంచులు కత్తిరించడంలో ఒక్కొక్కప్పుడు ఛాయాగ్రాహకుని పేరు ఎగిరిపోతుంది. పేరు పోతే ఒక బాధ. పేరు ఉంటే అంతకంటె పెద్ద బాధ. ఆ వంకర తలుపు అతని చేతిపనే అని చూసినవారు అనుకుంటారు గదా! రేపటి పెళ్ళి బేరమో, వ్యాపార ప్రకటనో ఆ చిత్రాన్ని చూసే కుదురుతుంది, లేదా తప్పిపోతుంది. ఆ వృత్తిలో పేరే పెట్టుబడి.

ఇంతకూ చిత్రాన్ని మార్చడం కొత్తగా పుట్టిన పాపమేమీ కాదు. మ్యూనిక్ నగరానికి చెందిన హాన్ఫ్‌స్టెంగల్ 1855లోనే పారిస్ ప్రదర్శనలో, దిద్దక ముందు ఒకటి, దిద్దిన తరువాత ఒకటి ప్రతులు చూపి జనాన్ని ఆశ్చర్యపరిచాడు. మన దేశంలో ఛాయాచిత్రాలకు చేతితో రంగులు వేసే కళ పందొమ్మిదవ శతాబ్దంలోనే వర్ధిల్లింది. మన ఊళ్ళలోని ఫోటో స్టూడియోలలో ఏటవాలు బల్లమీద నెగటివ్ ఉంచి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మశూచి మచ్చలు పూడ్చినవారు ఎందరో. పెళ్ళిచూపులకు పంపే ఫోటోకు కాస్త 'టచింగ్' చేయమని బ్రతిమాలిన తల్లిదండ్రులూ తక్కువేమీ కాదు. ఆనాడు దానిని ఎవరూ కళాద్రోహం అనలేదు.

తేడా ఒక్కటే. ఆ పెన్సిల్ స్టూడియో యజమాని చేతిలో ఉండేది. నెగటివ్ అతని పెట్టెలో ఉండేది. ఏది దిద్దాలో, ఎంత దిద్దాలో చివరిమాట అతనిదే. 1990లో ఫోటోషాప్ వచ్చింది. 2010లో ఇన్‌స్టాగ్రామ్ తన ఫిల్టర్లతో సహా అవతరించింది. పెన్సిల్ చేతులు మారింది. కనుక ఛాయాగ్రాహకుని కోపంలో కొంత కళను గురించినది కాగా, కొంత పెత్తనం పోయినందుకు కలిగినదని ఒప్పుకోక తప్పదు.

కెమెరా ముందు నిలిచిన మనిషికీ చెప్పుకోవలసిన కథ ఉన్నది. అమెరికన్ మోడల్ ఎమిలీ రతజ్‌కోవ్‌స్కీ 2019లో న్యూయార్క్ వీధిలో పూలగుత్తితో ముఖం దాచుకొని నడుస్తుండగా ఒక ఛాయాగ్రాహకుడు ఫోటో తీశాడు. ఆమె ఆ ఫోటో మీద రెండు మాటలు వ్రాసి తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నది. అతడు దావా వేశాడు. తన రూపాన్ని తానే తిరిగి కొనుక్కోవలసి వస్తున్నదన్న ఆవేదనతో ఆమె 2020లో ఒక వ్యాసం వ్రాసింది. ఆ దావా 2022లో రాజీతో ముగిసింది.

రెండవ ఉదంతం ఇందుకు విపరీతమైనది. 2017లో గ్రాజియా పత్రిక బ్రిటిష్ సంచిక ముఖచిత్రంగా నటి లుపిటా న్యోంగో ఫోటో వేసింది. అందులో ఆమె సహజమైన జుట్టును కొంత తొలగించి, మిగిలినదానిని నున్నగా దిద్దారు. ఆమె బహిరంగంగా నిరసించింది. ఛాయాగ్రాహకుడు క్షమాపణ చెప్పుకున్నాడు. ఇక్కడ మార్చినది మోడల్ కాదు. మార్పుకు గురి అయినది ఆమె.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. చిత్రాన్ని ఎవరు మార్చారన్నది ప్రధానం కాదు. రెండవవారిని అడగకుండా మార్చడమే తగవుకు మూలం.

ఇక మన చట్టం ఏమంటున్నది? 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో తీసినవారే దాని కర్త. సామాన్యంగా కర్తే మొదటి హక్కుదారు. కాని 17వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉన్నది. ఒకరు ప్రతిఫలం ఇచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు అవుతారు. హైదరాబాదు కృష్ణానగర్‌లో సినిమా అవకాశాల కోసం తిరిగే అమ్మాయి తన డబ్బుతో పోర్ట్‌ఫోలియో తీయించుకుంటే, కాగితం మీద మరోలా వ్రాసుకోనంతవరకు ఆ చిత్రాల హక్కు ఆమెదే. ఈ సంగతి తెలియక ఆమెను దబాయించే ఛాయాగ్రాహకుడు చిక్కుల్లో పడతాడు.

అంతమాత్రాన అతనికి ఏమీ మిగలలేదనుకోవడమూ పొరపాటే. అదే చట్టంలోని 57వ సెక్షన్ కర్తకు రెండు ప్రత్యేక హక్కులు ఇచ్చింది. ఒకటి, ఆ కృతి తనదని చెప్పుకునే హక్కు. రెండవది, తన గౌరవానికి, ప్రతిష్ఠకు భంగం కలిగేలా ఆ కృతిని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు. కాపీరైట్‌ను పూర్తిగా మరొకరికి అమ్మివేసినా ఇవి పోవు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఉదంతం ఇందుకు నిదర్శనం. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడమీద ఆయన రూపొందించిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ప్రభుత్వం ఊడబెరికి గిడ్డంగిలో పడవేసింది. శిల్పం సొంతదారు ప్రభుత్వమే. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు దానిని ఆయనకు తిరిగి ఇవ్వవలసిందిగా, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించవలసిందిగా తీర్పు చెప్పింది.

అయితే తనకు నచ్చకపోవడం వేరు, తన పరువు పోవడం వేరు. ప్రతి ఫిల్టరూ ప్రతిష్ఠాభంగం కాదు. పైగా 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన దేశం మనది. ఎవరి రూపం మీద వారికేమీ చెల్లదనే మాట ఇక్కడ నిలవదు. ఫోన్‌లో దిద్దిన ఒక ఫోటో కోసం కోర్టు మెట్లు ఎక్కడం కూడా కోడిపిల్ల కోసం ఏనుగును తాకట్టు పెట్టినట్లే.

కనుక ముందుచూపే మందు. ఫోటో తీయడానికి పూర్వమే ఒక పుట ఒప్పందం వ్రాసుకోవాలి. డబ్బు ఎవరిస్తున్నారు, హక్కు ఎవరిది, చిత్రాన్ని ఎక్కడెక్కడ వాడవచ్చు అన్నవి అందులో ఉండాలి. వెలుగు కాస్త పెంచడం, చట్రానికి తగినట్లు అంచు కత్తిరించడం వంటివి అనుమతించి, శరీరాకృతిని, చర్మాన్ని, రంగుల ధోరణిని మార్చడానికి మాత్రం మాట అడగాలని నియమం పెట్టుకోవచ్చు. ఫోన్ తెరకు సరిపడే నిలువు ప్రతిని ఛాయాగ్రాహకుడే సిద్ధం చేసి ఇస్తే కత్తిరించే అవసరమే సగం తీరుతుంది. పేరును చిత్రం మూలన కాక, చిత్రం కింద వ్రాసే మాటలలో వేయమని కోరడం మేలు. దిద్దని ముడి చిత్రాలను చేతికి ఇవ్వకపోవడం ఇంకా మేలు.

ఒప్పందం ఒకవైపే ఉండరాదు. ఆమెను అడగకుండా ఆమె నడుమునూ, ఛాయనూ తాను దిద్దనని, ఆమె వద్దన్న చిత్రాన్ని ప్రదర్శించనని ఛాయాగ్రాహకుడు కూడా సంతకం చేయాలి. ఏ చిత్రాలు ఉంచాలో ఇద్దరూ కలిసి కూర్చుని ఎంచుకుంటే తరువాత ఫిల్టర్ వెతుక్కునే పని తగ్గుతుంది. తన ముఖం తనకు నచ్చనందువల్లనే ఆమె దానిని దిద్దుకుంటున్నదని మరువరాదు. ఇంతచేసినా పొరపాటు జరిగితే, నలుగురిలో నిలదీయడం కాదు, విడిగా ఒక మర్యాద అయిన మాట చాలు: అసలు చిత్రం పెట్టండి, లేదా నా పేరు తీసివేయండి.

పరాయి రచనలను తెలుగులోకి తెచ్చే నావంటివారికి ఈ తగవు కొత్తది కాదు. మూలం ఒకరిది, మాట మరొకరిది. మన పుస్తక ప్రపంచం దీనికి ఏనాడో ఒక పరిష్కారం కనుగొన్నది. ఉన్నదున్నట్లు తెస్తే 'అనువాదం' అంటాం. స్వేచ్ఛ తీసుకుంటే 'స్వేచ్ఛానువాదం' అంటాం. కథను మన ఊరికి తెచ్చి మార్చుకుంటే 'అనుసరణ' అంటాం. ఆ ఒక్క మాట అట్టమీద ఉంటే మూలరచయితకు అన్యాయం జరగదు, పాఠకుడూ మోసపోడు. నార్వే దేశం 2022 జూలై నుంచి ఇటువంటి నియమాన్నే చిత్రాలకూ పెట్టింది. ప్రకటనలలో శరీరాన్ని దిద్ది చూపితే ఆ సంగతి గుర్తు వేసి చెప్పాలి.

మన మోడళ్ళకు చట్టం నిర్బంధం అక్కరలేదు. చిత్రం కింద రెండు ముక్కలు వ్రాస్తే చాలు: ఛాయాచిత్రం ఫలానావారిది, మార్పులు నావి. ఆ ఒక్క పంక్తితో అతని పేరూ నిలుస్తుంది, ఆమె ఇష్టమూ నెరవేరుతుంది.