సైన్సు కబుర్లు: ఉప్పెన దారిలో ఉక్కుగొట్టం

1977 నవంబరు 19వ తేదీన కృష్ణా జిల్లాలోని దివిసీమ మీదికి సముద్రం వచ్చి పడింది. మీ తాతయ్యనో అమ్మమ్మనో అడిగి చూడండి, ఆ రోజు సంగతి చెబుతారు. నీళ్ళు సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టాయి. పదివేలమంది దాకా చనిపోయారు.

సరే, 5 మీటర్లని ఎలా తెలిసింది? అక్కడ కొలబద్ద పట్టుకుని ఎవరు నిలబడ్డారు?

ఎవరూ నిలబడలేదు. నిలబడితే బతకరు. ఇలాంటప్పుడు నీరు తీసిన తరువాత మనుషులు వెళ్ళి, గోడల మీద మిగిలిన బురద చారలూ, చెట్ల కొమ్మలకు చిక్కుకున్న గడ్డీ గుడ్డపీలికలూ చూసి, నేల నుంచి అంత ఎత్తు వరకూ కొలిచి లెక్క కడతారు. చార మంచి సాక్షే గాని, సగం సంగతే చెబుతుంది. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో చెబుతుంది. ఎన్నింటికి వచ్చిందో, ఎంత వేగంగా వచ్చిందో చెప్పదు. ఇల్లు విడిచి పారిపోవలసినవాడికి కావలసింది ఆ రెండో సగమే కదా!

అసలు ఉప్పెన అంటే ఒక పెద్ద కెరటం అని చాలామంది అనుకుంటారు. కాదు. తుఫాను గాలి గంటల తరబడి సముద్రపు నీటిని ఒడ్డుకేసి నెడుతుంది. ఒడ్డు దగ్గర సముద్రం లోతు తక్కువైతే ఆ నీటికి వెనక్కు పోవటానికి దారి ఉండదు. పళ్ళెంలో నీళ్ళు పోసి ఒకవైపు నుంచి గట్టిగా ఊదితే రెండోవైపు అంచు దాటి ఒలుకుతాయి చూశారా, అలా సముద్రమే మొత్తంగా పైకి లేచి నేల మీదికి నడిచి వస్తుంది. కెరటాలు దాని మీద స్వారీ చేస్తూ వస్తాయి.

రేవుల్లో సముద్రమట్టాన్ని కొలిచే కేంద్రాలు ఉన్నవి. అయితే రేవుకూ రేవుకూ మధ్య ఎంతో దూరం. పైగా పెద్ద తుఫాను వచ్చినప్పుడు ఆ కేంద్రాలే దెబ్బతింటాయి. 2005 ఆగస్టు 29న అమెరికా దక్షిణ తీరాన్ని కత్రినా తుఫాను కొట్టినప్పుడు ఇదే జరిగింది. నీరు ఇంకా పెరుగుతూ ఉండగానే కొన్ని కేంద్రాలు మూగబోయాయి. నెల తిరగకుండానే రీటా అనే మరో తుఫాను అదే తీరంవైపు బయలుదేరింది.

ఈసారి అమెరికా జియలాజికల్ సర్వే వారు ఒక కొత్త పని చేశారు. తుఫాను ఎక్కడ ఒడ్డుకు తగులుతుందో వాతావరణశాఖ ముందే చెబుతున్నది గదా. గాలి రాకముందే మనం వెళ్ళి పరికరాలు పెట్టి వచ్చేస్తే సరి, అనుకున్నారు. లూసియానా, టెక్సాస్ రాష్ట్రాలలో 33 చోట్ల 47 పరికరాలు అమర్చి వచ్చారు. జనమంతా తీరం విడిచి పైకి పోతూ ఉంటే, వీళ్ళు తీరంవైపు వెళ్ళారన్నమాట!

ఇలాంటి పరికరం చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. అడుగు పొడుగు ఉక్కుగొట్టం. లోపల చిన్న సెన్సరూ, బాటరీ, లెక్కలు దాచుకునే జ్ఞాపకపేటిక. నీరు లోపలికి రావటానికి గొట్టానికి చిల్లులు ఉంటవి. దాన్ని వంతెన స్తంభానికో, రేవు గుంజకో, ఉప్పెనకు కూలదని నమ్మకమున్న మరి దేనికైనానో బిగించి కట్టేస్తారు.

మరి అది నీటి ఎత్తు ఎలా కొలుస్తుంది? నీటి బరువును బట్టి. ఒక పలచని పాలిథిన్ సంచీని చేతికి తొడుక్కుని బకెట్ నీళ్ళలో మెల్లగా ముంచండి. సంచీలోకి నీరు రాకూడదు సుమా! సంచీ చేతికి అతుక్కుపోతుంది. లోతుకు పోయినకొద్దీ ఇంకా గట్టిగా నొక్కుతుంది. మీటరు లోతున మీ గోరంత చోటు మీద సుమారు 100 గ్రాముల నీటి బరువు పడుతుంది. రెండు మీటర్లయితే 200 గ్రాములు. ఆ నొక్కుడు ఎంతో తెలిస్తే, పైన ఎంత నీరున్నదో చెప్పెయ్యవచ్చు.

ఇందులో ఒక తిరకాసు ఉన్నది. నీటి మీద గాలి కూడా బరువు మోపుతున్నది. సెన్సరుకు నీరేదో గాలేదో తెలియదు. రెండింటినీ కలిపి చెబుతుంది. తుఫాను నడిమి భాగంలోనేమో గాలి ఒత్తిడి బాగా తగ్గిపోతుంది. పెద్ద తుఫానైతే ఆ తగ్గుదల అరమీటరు నీటి బరువుతో సమానం కావచ్చు. ఆ సంగతి మరిచిపోతే అరమీటరు ఉప్పెన లెక్కలోంచి మాయమైపోతుంది! అందుకని, నీరు అందనంత ఎత్తున మరికొన్ని సెన్సర్లను పొడిగా కడతారు. అవి గాలిని మాత్రమే తూచుతాయి. తడి సెన్సరు లెక్కలోంచి పొడి సెన్సరు లెక్క తీసివేస్తే మిగిలేది నీరు.

మరి కెరటాలు? సెన్సరు అర నిమిషానికొకసారి లెక్క రాసుకుంటుంది. ఒకసారి కెరటం పైన, ఒకసారి క్రింద. వాటి సగటు తీస్తే ఎగుడుదిగుళ్ళు పోయి అసలు నీటిమట్టం తేలుతుంది. గొట్టం సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నదో కూడా సర్వే చేసి కచ్చితంగా తెలుసుకోవాలి. ఇది విసుగు పుట్టించే పనే గాని, ఇది చెయ్యకపోతే తక్కినదంతా వృథా.

రీటా సెప్టెంబరు 24న ఒడ్డు దాటింది. తరువాత గొట్టాలను విప్పి తెచ్చి లెక్కలు చూశారు. కొన్నిచోట్ల నీరు 14 అడుగులకు మించి లేచింది. అంతకంటె ముఖ్యమైన సంగతి, తీరం దగ్గర మూడు చోట్ల నీరు గంటకు 5 అడుగులకు మించిన వేగంతో పెరిగింది. అంటే నిమిషానికి అంగుళం పైనే! పాదాలు తడిసేటప్పుడు "చూద్దాంలే" అనుకున్న నాలుగున్నర అడుగుల పిల్లవాడు గంట తిరగకముందే మునిగిపోతాడు. ఏ గోడ మీది చారా ఈ మాట చెప్పలేదు.

జ్ఞాపకపేటికలో లెక్కలు దాచుకునే గొట్టం ఆ తుఫానులో ఎవరినీ కాపాడలేదు, నిజమే. ఉప్పెన ఎంత రాబోతుందో కంప్యూటర్లతో ముందుగా లెక్కవేసేవారికి అది పరీక్ష పేపరు దిద్దినట్లు తప్పులు చూపిస్తుంది, అంతే. ఆ తరువాత ఉపగ్రహం ద్వారా అప్పటికప్పుడే కబురు పంపే పరికరాలు కూడా వాడుకలోకి వచ్చాయి. 2012 అక్టోబరులో శాండీ తుఫాను వచ్చినప్పుడు వర్జీనియా నుంచి మెయిన్ దాకా 224 చోట్ల సెన్సర్లు పెట్టారు.

నాకు అన్నిటికంటె నచ్చినది జంట గొట్టాల సంగతి. సముద్రపు ఒడ్డున ఒకటి, అదే కాలువ వెంట లోపలి ఊరి దగ్గర ఇంకొకటి కడతారు. రెండింటిలోనూ నీరు పెరగటం మొదలైన వేళలు చూసి, ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తారు. ఆ లోపలి ఊరివాళ్ళకు చేతిలో ఉన్న వ్యవధి అది.