‘ఇంట్లో పశువులున్నాయా?’ అని అడిగే డాక్టరు కావాలి

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఎన్నో ఇళ్లకు పాడి ఆవే ఆధారం. వానలు లేక వేరుశనగ పోయిన ఏడాది కూడా పాలబిల్లుతోనే ఇల్లు గడుస్తుంది. అలాంటి ఆవు నెలలు నిండకుండా ఈసుకుపోతే, ఆ మాయను ఇంటివారే ఒట్టి చేతులతో ఎత్తి పారేస్తారు. కొన్ని వారాల తర్వాత వారిలో ఒకరికి జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. కీళ్లు నొప్పులు, రాత్రిళ్లు చెమటలు. మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు చేయిస్తారు. అది ఆవు నుంచి వచ్చిన బ్రూసెల్లోసిస్ కావచ్చునని తోచాలంటే, డాక్టరు ఒక్క ప్రశ్న అడగాలి: ఇంట్లో పశువులున్నాయా?

ఆ ప్రశ్న అడగడం ఒకరు నేర్పితేనే వస్తుంది. మనిషి, పశువు, పరిసరాల ఆరోగ్యం ఒకదానితో ఒకటి ముడిపడి ఉందన్న దృష్టినే నేడు ‘వన్ హెల్త్’ అంటున్నారు. కేంద్రం ఇందుకోసం జాతీయ వన్ హెల్త్ మిషన్‌ను చేపట్టింది. అయితే మిషన్ ఢిల్లీలో ఉంటే సరిపోదు. పల్లెకు వెళ్లే మనుషులు తయారు కావాలి.

అందుకు తిరుపతికి మించిన చోటు అరుదు. 1955 నుంచి పశువైద్య కళాశాల, 1960 నుంచి శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల ఇక్కడున్నాయి. 2005లో పశువైద్య విశ్వవిద్యాలయమూ వచ్చింది. స్విమ్స్ ఉంది. జిల్లాలోనే పులికాట్, నేలపట్టుల్లో వలస పక్షులు దిగుతాయి. పక్కనే నెల్లూరు జిల్లాలో 2024 ఫిబ్రవరిలో కోళ్లకు బర్డ్‌ఫ్లూ సోకింది. 2025 మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఆ వైరస్‌తోనే కన్నుమూసింది. కోళ్ల జబ్బు కోళ్లతోనే ఆగదని ఆ పసిప్రాణం చెప్పింది.

ఉన్న డాక్టర్లే చాలని చోట కొత్త చదువులెందుకని కొందరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ కావలసింది కొత్త డిగ్రీ కాదు. వైద్య విద్యార్థి, పశువైద్య విద్యార్థి కొన్ని వారాలు ఒకే పల్లెలో కలిసి పనిచేయాలి. పశువుల ఆసుపత్రిలో ఈసుకుపోయిన ఆవుల లెక్క పెరిగితే, ఆ కబురు అదే వారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరాలి. ఆశా కార్యకర్తకు, ఊరి పశుసంవర్ధక సహాయకుడికి ఒకే శిక్షణ తరగతి పెట్టాలి.

ఈ నేలపై వైద్యసేవ క్రైస్తవ సంఘానికి కొత్త కాదు. మదనపల్లె ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి వందేళ్లు దాటాయి. వేలూరు సీఎంసీకి చిత్తూరులోనూ ప్రాంగణం ఉంది. మన యౌవనస్థులలో తెలివైనవారిని డాక్టరు కమ్మని దీవిస్తాం. పశువైద్యులుగా, ల్యాబ్ నిపుణులుగా వెళ్లేవారి కోసం కూడా అంతే ఆశతో ప్రార్థిస్తున్నామా?

ఈలోగా ప్రతి సంఘమూ చేయగలిగినది ఉంది. ఆదివారం ప్రకటనల్లో మూడు మాటలు చెప్పండి. పాలు బాగా కాచి తాగాలి. మాయను ఒట్టి చేతులతో ముట్టక, లోతుగా పూడ్చాలి. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా వేయించాలి. తోటను సేద్యపరచి కాయమని మనిషికి అప్పగించిన పనిలో ఇదీ భాగమే.