బొమ్మను కొనండి, దాని కథతో సహా

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయి. ఈ సెలవుల్లో మన పిల్లలు రెండు రకాల బొమ్మలు చూస్తారు. ఒకటి కొలువు మెట్ల మీద, ఇంకొకటి ఫోన్‌లో, ఏదో దయ్యం సినిమాలో. మొదటిది చూస్తే మురిసిపోతాం, రెండోది చూస్తే కేకలేస్తాం. కేకలతో పని జరగదని మీకూ తెలుసు, మాకూ తెలుసు. అంతకంటే మంచి దారి ఒకటుందని నా అభిప్రాయం.

ముందు సినిమా సంగతి. రామ్ గోపాల్ వర్మ 2003లో తీసిన ‘భూత్’ మీలో చాలామంది చూసే ఉంటారు. పాటలు లేవు. ఒక ఫ్లాటు, అందులో భార్యాభర్తలు, అంతే. అయినా వణికించింది. ఎందుకంటే ఆ దయ్యానికి ఒక పేరుంది, దానికి జరిగిన అన్యాయం ఉంది. 2012 అక్టోబరులో, దసరాకు ముందు, ‘భూత్ రిటర్న్స్’ వచ్చింది. ఈసారి త్రీడీ, ఒక చిన్నపాప, ఆమె చేతిలో బొమ్మ, కంటికి కనిపించని స్నేహితురాలు. హంగులు పెరిగాయి, చప్పుడు పెరిగింది. ఆ బొమ్మ వెనక ఎవరున్నారో, ఏం కావాలో మాత్రం మనసుకు పట్టేలా చెప్పలేదు. భయానికి బదులు ఆవలింతలొచ్చాయి.

మన కొలువుల్లోనూ ఇదే జరుగుతోంది. బొమ్మల సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించి, ఒక్క పూటలో మెట్లన్నీ నింపి, ఫొటో తీసి స్టేటస్ పెడతాం. మూడో మెట్టు మీద ఉన్నదెవరని పాప అడిగితే పెద్దవాళ్లం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం.

ప్రతి బొమ్మకూ చెప్పుకోదగ్గ కథ ఉంది. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేస్తారు, అందుకే అంత తేలిక. ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కర్ర, లక్క రంగులు. హిందూపురం వాళ్లు సరిహద్దు దాటితే కర్ణాటకలో చన్నపట్నం బొమ్మలున్నాయి. మైసూరు వైపు పెళ్లికూతురికి రాజా రాణి బొమ్మల జత ఇచ్చి పంపే ఆచారం ఉంది. దసరా కొలువులో ఆ జంటదే పెద్దపీట.

అంతదూరం ఎందుకు, ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా సిద్ధం చేసి, సన్నని రంధ్రాలు కొట్టి, రంగులు దిద్దుతారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పెనుకొండ నుంచైనా, హిందూపురం నుంచైనా వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

తోలుబొమ్మలాట కూడా చీకట్లో పిల్లల్ని భయపెట్టేదే. తెర మీద పది తలల రావణుడు ఊగిపోతుంటే ఎవరికి భయం వేయదు? ఆ భయం ముదిరేలోపు కేతిగాడో బంగారక్కో వచ్చి పకపకా నవ్వించేవారు. పక్కన అమ్మ, అవ్వ, ఊరంతా ఉండేవారు. ఇప్పుడు పిల్లవాడు దుప్పటి కింద ఫోన్ పట్టుకుని ఒంటరిగా భయపడుతున్నాడు. నాకు దిగులు కలిగించేది సినిమా కంటే ఆ ఒంటరితనమే.

ఆటలు పిలిచేవాళ్లు తగ్గిపోయి, ఆ కళాకారులు దీపాల మీద వేసే తోలు షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి బతుకుతున్నారు. పక్క ఊళ్ల వాళ్లం మనమే కొనకపోతే ఇంకెవరు కొంటారు?

ఈ దసరాకు మూడు పనులు చేయండి. ఒకటి, కొత్త బొమ్మ ఒక్కటే కొనండి. అది ఎవరి బొమ్మ, ఎక్కడ చేశారు, దేనితో చేశారు అన్నది పిల్లల చేతే అట్టముక్క మీద రాయించండి. రెండు, వీలైతే నిమ్మలకుంట తీసుకెళ్లండి. బేరానికి ముందు ఆ పని ఎలా జరుగుతుందో చూడనివ్వండి. పెద్ద బొమ్మే కొనాలని లేదు, చిన్నవీ ఉంటాయి. మూడు, పిల్లలు దయ్యం సినిమా చూస్తామంటే, అది వాళ్ల వయసుకు తగినదైతే, మీరూ పక్కన కూర్చోండి. అయిపోయాక “ఆ బొమ్మ కథేంటి?” అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు దొరక్కపోతే సినిమా బాగాలేదని వాళ్లే చెబుతారు.

కొలువు ఎత్తేసేటప్పుడు ఆ అట్టముక్కనూ బొమ్మతో పాటు పెట్టెలో దాచండి. వచ్చే ఏడు పెట్టె తెరిచినప్పుడు దాన్ని పిల్లల చేతే చదివించుకుని వినండి.